అక్కడ లేనివాళ్ళు

సైన్యంలో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరైన ఒక సుబేదార్ గారితో ఈమధ్య మాటామాటా పెరిగింది. టీవీలో ఒక సైనికుడి కోర్ట్ మార్షల్ గురించి చర్చ వస్తోంది. గాయపడి నేలమీద పడి ఉన్న శత్రువును కాల్చి చంపాడని ఆరోపణ. "అది హత్యే కదండీ" అన్నాను. ఆయన రిమోట్ తీసుకుని టీవీ కట్టేశారు.

"ఇంట్లో కూర్చుని అనడం తేలికేనమ్మా. అక్కడ ఉండేది రెండు సెకన్లు. కాలిస్తే ఒక తప్పు, కాల్చకపోతే ఇంకో తప్పు. ఆ రెండో తప్పు చేస్తే నువ్వో, నీ పక్కనున్నవాడో పోతారు. తర్వాత వీళ్ళు ఏసీ గదుల్లో కూర్చుని ఆ రెండు సెకన్ల మీద రెండేళ్ళు విచారణ చేస్తారు. అక్కడ లేనివాళ్ళకి ఏం తెలుస్తుంది?"

నాకు వెంటనే జవాబు తట్టలేదు. ఆయన చూసినవి నేను చూడలేదు, చూసినట్టు మాట్లాడే హక్కూ నాకు లేదు. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. యుద్ధ నేరాల కేసులు తీసి చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఒక సంగతి బలపడుతూ వచ్చింది. యుద్ధంలో జరిగే ఘోరాల్లో చాలావాటికి ఆ రెండు సెకన్లకన్నా, వాటికి ముందు గడిచిన గంటలూ రోజులూ ఎక్కువ కారణం. ఆ గంటల్లో నిర్ణయాలు తీసుకున్నవాళ్ళు కూడా చాలాసార్లు అక్కడ లేరు. ఎక్కడో ఉండి మ్యాపులు చూశారు, ఆదేశాలిచ్చారు, ఎవరు శత్రువో ముందే తేల్చేశారు. "అక్కడ లేనివాళ్ళు తీర్పు చెప్పకూడదు" అన్న వాదన తుపాకీ పట్టుకున్నవాడి కోసం పుట్టినా, చివరికి దాని నీడలో తలదాచుకునేది వీళ్ళే.

చట్టం రాసినవాళ్ళు, చట్టాన్ని నిలబెట్టినవాళ్ళు

యుద్ధ చట్టాలంటే యుద్ధం ఎరగని దౌత్యవేత్తలు రాసిన కాగితాలని చాలామంది అనుకుంటారు. ఆధునిక కాలంలో ఒక ప్రభుత్వం తన సైన్యానికి రాసిచ్చిన తొలి సమగ్ర నియమావళి 1863 ఏప్రిల్‌లో, అమెరికా అంతర్యుద్ధం నడుస్తుండగా, లింకన్ ఆమోదంతో వచ్చింది. అందులో 157 నియమాలున్నాయి. రాసినాయన ఫ్రాన్సిస్ లీబర్. కుర్రతనంలో ప్రష్యా సైన్యంలో చేరి, 1815లో నెపోలియన్ సేనలతో పోరాడుతూ నమూర్ దగ్గర తీవ్రంగా గాయపడ్డాడు. ఆయన ముగ్గురు కొడుకులూ అంతర్యుద్ధంలో ఉన్నారు. ఇద్దరు ఉత్తరాది వైపు, ఒకడు దక్షిణాది వైపు. దక్షిణాది వైపు వెళ్ళినవాడు 1862లో చనిపోయాడు. ఉత్తరాది వైపున్న ఇద్దరిలో ఒకడికి ఫోర్ట్ డోనెల్సన్ పోరులో చెయ్యి పోయింది. అలాంటి తండ్రి కూర్చుని, ఖైదీని ఏం చెయ్యాలి, గాయపడినవాణ్ణి ఏం చెయ్యకూడదు అని ఒక్కొక్కటే రాశాడు.

ఆ నియమాలు మెత్తనివేమీ కావు. ముట్టడిలో ఉన్న ఊరిని ఆకలితో మాడ్చడాన్ని ఒప్పుకున్నాయి. సైనికుడు రాసిన చట్టం సైనికుడి అవసరాన్ని మరిచిపోలేదు. ఈ సంగతి నా వాదనకు కొంత ఇబ్బందే, అయినా చెప్పాలి. యుద్ధ చట్టం పూర్తిగా బాధితుల పక్షాన నిలబడి పుట్టిందేమీ కాదు. చంపడానికి అనుమతి ఇస్తూనే ఎక్కడ ఆగాలో గీత గీసింది. ఆ గీత గీసినవాడు మాత్రం అక్కడ ఉన్నవాడే.

ఇక రెండోది. అక్కడ ఉన్న ఎవరైనా అదే పని చేసేవారు అన్న మాట. వియత్నాం యుద్ధంలో 1968 మార్చి 16న మై లై అనే ఊళ్ళో అమెరికన్ సైనికులు ఆయుధాల్లేని గ్రామస్థులను వందల్లో చంపారు. హ్యూ థాంప్సన్ అనే హెలికాప్టర్ పైలట్ పైనుంచి చూశాడు. గుంటలో శవాలు, పరిగెడుతున్న ఆడవాళ్ళు, పిల్లలు, వాళ్ళ వెనక తన దేశపు సైనికులే. హెలికాప్టర్‌ను తీసుకెళ్ళి సరిగ్గా రెండు గుంపుల మధ్య దించాడు. తన సిబ్బంది లారెన్స్ కోల్బర్న్, గ్లెన్ ఆండ్రియోటాలకు ఒక మాట చెప్పి దిగాడు: మనవాళ్ళు ఈ గ్రామస్థుల మీద కాల్పులు జరిపితే మీరు మనవాళ్ళ మీద కాల్చండి. దాక్కున్నవాళ్ళను బయటికి రప్పించి, వేరే హెలికాప్టర్లను పిలిపించి దాటించాడు. ఆండ్రియోటా శవాల గుంటలోకి దిగి బతికున్న ఒక పసివాణ్ణి బయటికి తీశాడు. ఆ తర్వాత మూడు వారాలకే అతను యుద్ధంలో చనిపోయాడు.

థాంప్సన్‌కి మాత్రం ఎంత సమయం ఉంది? పైగా అతని దగ్గర ఏ ఆదేశమూ లేదు, ఉన్న ఆదేశాలన్నీ అవతలి వైపే ఉన్నాయి. ఊళ్ళో కూడా కాల్చమంటే కాల్చని సైనికులు కొందరున్నారు. ఒకే నేల, ఒకే ఉదయం, ఒకే శిక్షణ. అందుకే "అక్కడ ఉంటే తెలిసేది" అని ఎవరన్నా నాకు ముందుగా గుర్తొచ్చేది అక్కడే ఉండి వద్దన్నవాళ్ళు. సైనికుడి మీద తీర్పు చెప్పడం మొదలుపెట్టింది కోర్టు కాదు, పక్కనున్న ఇంకో సైనికుడు. థాంప్సన్‌ను చాలా ఏళ్ళు ద్రోహి అన్నారు. పతకం 1998లో ఇచ్చారు, ముప్పై ఏళ్ళకు.

రెండు సెకన్లకు చట్టం ఇచ్చిన చోటు

సుబేదార్ గారి భయం ఏమిటంటే, తర్వాత తెలిసిన విషయాలతో ముందు తీసుకున్న నిర్ణయాన్ని కొలుస్తారని. ఇది న్యాయమైన భయం. అయితే ఈ భయానికి చట్టం ఎప్పుడో సమాధానం ఇచ్చింది, అదీ ఒక జర్మన్ జనరల్ కేసులో.

1944 చివర్లో లోథార్ రెండులిచ్ సేనలు నార్వే ఉత్తరాన ఫిన్‌మార్క్ ప్రాంతం మీదుగా వెనక్కి తగ్గుతున్నాయి. సోవియట్ సైన్యం వెంటపడుతోందని నమ్మి, శత్రువుకు చలిలో తలదాచుకునే చోటు దొరక్కూడదని, దారి పొడవునా ఇళ్ళు తగలబెట్టించాడు. నిజానికి సోవియట్ సైన్యం అలా వెంటపడనే లేదు. ఊళ్ళన్నీ అనవసరంగా బూడిదయ్యాయి. యుద్ధం తర్వాత నురెంబర్గ్‌లో విచారించిన ట్రిబ్యునల్ ఈ ఒక్క అభియోగం వరకు అతన్ని వదిలేసింది. ఆ సమయంలో అతనికి కనిపించిన పరిస్థితిని బట్టే చూడాలి, తర్వాత తేలిన నిజాన్ని బట్టి కాదు అంది. బందీలను చంపించిన వేరే నేరాలకు శిక్ష పడింది, అది వేరే సంగతి. ఓడిపోయిన నాజీ జనరల్‌కు గెలిచినవాళ్ళు పెట్టిన కోర్టు ఇచ్చిన ఈ వెసులుబాటే ఇవాళ్టికీ ప్రతి సైనికుడికీ రక్షణ.

మొదటిసారి ఇది చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. ఇళ్ళు కాలినవాళ్ళకి అతనేం నమ్మాడన్నది ఎందుకు? తర్వాత ఆలోచిస్తే, ఇది లేకుండా ఏ సైన్యమూ ఏ చట్టాన్నీ ఒప్పుకోదని అర్థమైంది. నిజాయితీగా పొరపడినవాణ్ణీ, తెలిసి చంపినవాణ్ణీ ఒకే గాట కట్టే చట్టాన్ని సుబేదార్ గారిలాంటివాళ్ళు లెక్కచెయ్యరు, చెయ్యక్కర్లేదు కూడా.

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. "నేనలా నమ్మాను" అంటే సరిపోతుందా? నమ్మేముందు తెలుసుకోవడానికి ఏం ప్రయత్నించావు అని అడగొద్దా? యుద్ధ బాధితుల రక్షణకు దేశాలు చేసుకున్న జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి అదనపు ప్రొటోకాల్ 57వ అధికరణం ఇదే అడుగుతుంది. లక్ష్యం పౌరులు కాదని నిర్ధారించుకోవడానికి వీలైనదంతా చెయ్యాలంటుంది. 50వ అధికరణం ఇంకో మాట చెబుతుంది. ఒక మనిషి పౌరుడో కాదో అనుమానంగా ఉంటే పౌరుడిగానే చూడాలి. అమెరికా, భారత్‌తో సహా కొన్ని పెద్ద దేశాలు ఈ ప్రొటోకాల్‌లో చేరలేదు. చేరనివాళ్ళ సైన్యాలు కూడా జాగ్రత్త తీసుకోవాలన్న సూత్రాన్ని కాదనవు.

2009 సెప్టెంబర్‌లో ఆఫ్ఘనిస్తాన్‌లోని కుందూజ్ దగ్గర తాలిబన్లు రెండు ఇంధన ట్యాంకర్లను ఎత్తుకెళ్ళారు. అవి నది మధ్య ఇసుకలో కూరుకుపోయాయి. రాత్రి పొద్దుపోయాక చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు డబ్బాలు పట్టుకుని ఇంధనం కోసం వచ్చారు. జర్మన్ కల్నల్ గియోర్గ్ క్లైన్ కమాండ్ పోస్టులో ఉన్నాడు. అక్కడున్నవాళ్ళంతా తిరుగుబాటుదారులేనని ఒక ఇన్‌ఫార్మర్ ఫోన్లో చెప్పాడు. పైన తిరుగుతున్న అమెరికన్ పైలట్లు, ముందు కిందికి దిగి ఒకసారి హడావుడి చేస్తాం, జనం చెదిరిపోతారు అని సూచించారు. కల్నల్ వద్దన్నాడు. రెండు బాంబులు పడ్డాయి. వందమంది దాకా చనిపోయారని అంచనా, వాళ్ళలో చాలామంది పౌరులు. జర్మనీ ప్రాసిక్యూటర్లు 2010లో కేసు మూసేశారు. అక్కడ పౌరులు లేరనే అతను నమ్మాడని తేల్చారు. ఆ దర్యాప్తులో లోపం లేదని 2021లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు కూడా అంది.

ఇక్కడ రెండు సెకన్లు ఎక్కడున్నాయి? ట్యాంకర్లు కదలడం లేదు. విమానాలు చాలాసేపట్నుంచీ తిరుగుతున్నాయి. కిందికి దిగి చూస్తామని అడుగుతున్నవాళ్ళు పైలట్లు, అంటే ఆ చోటికి అందరికన్నా దగ్గరున్నవాళ్ళు. రెండులిచ్‌కి ఇచ్చిన వెసులుబాటు కల్నల్‌కీ ఇవ్వాలా? నా మటుకు నేను ఇవ్వను. చూడటానికి టైమూ ఉండి, చూపించేవాళ్ళూ ఉండి, వద్దన్న తర్వాత "నాకు తెలియదు" అనేదానికి బలం లేదు.

ఎనిమిది గంటలు

2021 ఆగస్టు 29న కాబూల్లో అమెరికా చేసిన డ్రోన్ దాడి సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. అంతకు మూడు రోజుల ముందే విమానాశ్రయం గేటు దగ్గర బాంబు పేలి 13 మంది అమెరికన్ సైనికులు, 170 మంది దాకా ఆఫ్ఘన్లు చనిపోయారు. ఇంకో దాడి వస్తోందని సమాచారం. తెల్ల టయోటా కరోలా కోసం చూడమన్నారు. కాబూల్లో ఎటు చూసినా కనిపించే కారు అదే. ఆ రోజు ఒక కారును ఎనిమిది గంటలపాటు ఆకాశం నుంచి వెంబడించారు. డ్రైవర్ నీళ్ళ డబ్బాలు ఎక్కిస్తుంటే పేలుడు పదార్థాలనుకున్నారు. చివరికి ఇంటి వాకిట్లోకి కారు వెళ్ళాక క్షిపణి వదిలారు. పదిమంది చనిపోయారు, ఏడుగురు పిల్లలు. ఆ డ్రైవర్ ఒక సహాయ సంస్థలో పనిచేసేవాడు.

మొదట్లో అది న్యాయమైన దాడేనని సైన్యాధిపతి స్వయంగా అన్నాడు. విలేఖరులు వీడియోలు, సాక్ష్యాలు బయటపెట్టాక పొరపాటని ఒప్పుకున్నారు. దర్యాప్తు చేసిన అధికారి చెప్పిన ఒక వివరం నాకు నిద్ర పట్టనివ్వలేదు. దాడికి రెండు నిమిషాల ముందు వీడియోలో ఒక పిల్లవాడు కనిపించాడట. ప్రత్యేకంగా వెతికితేనే తెలిసేంత చిన్నగా. అంతకుముందు ఎనిమిది గంటలపాటు ఆ కారు శత్రువుదేనని అనుకుంటూ చూసిన కళ్ళకి ఆ పిల్లవాడు ఆనలేదు. ఎవరికీ శిక్ష పడలేదు.

మీట నొక్కిన మనిషి మీద నాకు కోపం లేదు. అతనికి చివర్లో దక్కినవి నిజంగానే క్షణాలు. కానీ ఆ క్షణాలకు ముందు "తెల్ల కరోలా" అని చెప్పినవాళ్ళు, నీళ్ళ డబ్బాను బాంబుగా చదివినవాళ్ళు, అడ్డు ప్రశ్న అడిగే మనిషిని ఆ గదిలో పెట్టనివాళ్ళు ఎవరు?

మై లైలోనూ అంతే. ముందు రోజు రాత్రే ఆ దళానికి ఒక మాట చెప్పారు. ఉదయం ఏడింటికల్లా పౌరులంతా సంతకు వెళ్ళిపోతారు, మిగిలేది శత్రువులే అని. ఆ ఒక్క వాక్యంతో ఊళ్ళోని ముసలివాళ్ళు, తల్లులు, చంటిపిల్లలు అంతా శత్రువులైపోయారు. హత్యలు గంటల తరబడి సాగాయి. మధ్యలో భోజనానికి కూడా ఆగారు. ఎదురు కాల్పులు లేవు. లెఫ్టినెంట్ విలియం కాలీకి 22 హత్యలకు 1971లో యావజ్జీవం పడింది. నిక్సన్ జోక్యంతో చాలావరకు గృహ నిర్బంధంలో గడిపి 1974లో బయటికొచ్చాడు. పై అధికారులు? కంపెనీ కమాండర్ నిర్దోషిగా బయటపడ్డాడు. విషయం కప్పిపుచ్చారన్న ఆరోపణలున్న అధికారుల్లో ఒక్క కల్నల్ విచారణ దాకా వచ్చాడు, అతనూ నిర్దోషే. మొత్తం ఘటనలో దోషిగా తేలింది కాలీ ఒక్కడే. కాలీని శిక్షించడం తప్పనను. అక్కడితో ఆగిపోవడం గురించే నా బాధంతా.

ఇక నిజంగానే నిమిషాల మీద నడిచిన కేసు 1988 జూలై 3ది. పర్షియన్ గల్ఫ్‌లో అమెరికా యుద్ధనౌక విన్సెన్స్ ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని కూల్చింది. 290 మంది పోయారు. నౌక అప్పటికే ఇరాన్ పడవలతో పోరులో ఉంది. విమానం బయల్దేరిన బందర్ అబ్బాస్ విమానాశ్రయంలో యుద్ధ విమానాలు కూడా ఉంటాయి. కెప్టెన్‌కు దొరికింది కొన్ని నిమిషాలే. అతన్ని తప్పుపట్టేముందు నేనూ తటపటాయిస్తాను. కానీ విమానం పైకి ఎక్కుతోందని నౌకలోని యంత్రాలే నమోదు చేశాయి. మనుషులు మాత్రం కిందికి దూసుకొస్తోందని చెప్పుకున్నారు. యుద్ధ విమానం వస్తుందని ముందే మనసులో పడిపోయింది కాబట్టి, తెర మీది అంకెల్ని దానికి తగ్గట్టు చదివారు. దగ్గర్లోనే సైడ్స్ అనే ఇంకో అమెరికన్ నౌక ఉంది. దాని కెప్టెన్ అదే విమానాన్ని చూసి, దీనితో ముప్పు లేదనుకున్నాడు. అంటే ఆ నిమిషాల్లోనూ సరిగ్గా చూడటం సాధ్యమే. రెండు నౌకల మధ్య తేడా గడియారంలో లేదు, అంతకుముందు వాళ్ళు ఏ మనస్థితిలో ఉన్నారన్నదాంట్లో ఉంది.

మేకల కాపరులు

నా వాదనకు గట్టి ఎదురు ఉదాహరణ ఒకటుంది. సుబేదార్ గారు దాన్ని చెప్పలేదు గానీ, చెప్పి ఉంటే నా దగ్గర తడుముకోని జవాబు ఉండేది కాదు.

2005 జూన్ 28న ఆఫ్ఘనిస్తాన్ కునార్ కొండల్లో నలుగురు అమెరికన్ కమాండోలు దాక్కుని ఉన్నారు. మేకల కాపరులు అటు వచ్చి వాళ్ళను చూసేశారు. కాపరుల దగ్గర ఆయుధాల్లేవు. చంపాలా, కట్టేయాలా, వదిలేయాలా? వదిలేశారు. కొద్దిసేపటికి తాలిబన్లు చుట్టుముట్టారు. నలుగురిలో ముగ్గురు చనిపోయారు. కాపాడటానికి వచ్చిన హెలికాప్టర్‌ను కూల్చేశారు, అందులో 16 మంది పోయారు. బతికిన ఒక్కడూ, కాపరులే చెప్పి ఉంటారని, వాళ్ళను వదలడమే తప్పయిందని తర్వాత అన్నాడు.

చట్టాన్ని సమర్థించేవాళ్ళు ఇక్కడ ఒక తేలిక దారి పట్టుకుంటారు. చట్టాన్ని పాటిస్తే జనం మనవైపు ఉంటారు, చివరికి మనమే గెలుస్తాం, అందుచేత చట్టం లాభదాయకం అంటారు. కొన్నిసార్లు నిజమే కావచ్చు. కానీ ఆ 19 మంది ఇళ్ళవాళ్ళ దగ్గరికి వెళ్ళి ఈ మాట చెప్పగలమా? నేను చెప్పలేను. చట్టానికి ఖరీదు ఉంది. కొన్నిసార్లు ఆ ఖరీదు మనవాళ్ళ ప్రాణాలే. ఈ సంగతి దాచి చట్టాన్ని బోధిస్తే, మొదటి శవం లేచిన రోజే సైనికుడు ఆ బోధనంతా పక్కన పడేస్తాడు.

మరి అంత ఖరీదు ఎందుకు కట్టాలి? చేతిలో ఏమీ లేని మనిషిని, ఏదో చేస్తాడేమోనన్న భయంతో చంపవచ్చని ఒక్కసారి ఒప్పుకుంటే, ఇక యుద్ధం జరిగే ఏ ఊళ్ళోనూ ఎవరూ మిగలరు. కొండమీది ప్రతి కాపరీ, కిటికీలోంచి తొంగిచూసే ప్రతి పిల్లా ఏదో ఒకటి చెయ్యగలవాళ్ళే. లీబర్ కూడా ఈ చిక్కు దగ్గర తడబడ్డాడు. సొంత ప్రాణాలకే ముప్పు వచ్చి, ఖైదీలను వెంటపెట్టుకోవడం అసాధ్యమైతే, ఎవరినీ ప్రాణాలతో పట్టుకోవద్దని కమాండర్ ఆదేశించవచ్చని 60వ నియమంలో రాశాడు. వందేళ్ళు దాటాక 1977 ప్రొటోకాల్ దాన్ని తిరగరాసింది. పట్టుబడిన శత్రు సైనికులనే వెంట తీసుకెళ్ళలేకపోతే వదిలెయ్యాలి, పైగా వాళ్ళ క్షేమానికి వీలైన జాగ్రత్తలు తీసుకోవాలి అంది. శత్రు సైనికుడి విషయంలోనే అంత చెప్పినప్పుడు మేకల కాపరి సంగతి వేరే చెప్పాలా? ఈ మధ్యలో రెండు ప్రపంచ యుద్ధాలు గడిచాయి. లీబర్ వదిలిన ఆ చిన్న సందులోంచి ఎంత పోతుందో మనుషులు చూశారు.

ఆ నలుగురిలో బతికినవాణ్ణి కాపాడింది కూడా ఆయుధం పట్టని జనమే. దగ్గరి ఊరివాళ్ళు అతన్ని ఇంట్లో పెట్టుకుని, అప్పగించమని తాలిబన్లు బెదిరించినా ఇవ్వలేదు. దీనితో లెక్క సరిపోయిందని నేననను. ఇది కూడా ఆ కొండల్లోనే జరిగింది కాబట్టి చెబుతున్నాను.

మనవాడు పట్టుబడినప్పుడు ఈ చట్టం మనకూ ఎంత దగ్గరగా అనిపిస్తుందో 2019 ఫిబ్రవరిలో చూశాం. అభినందన్ వర్ధమాన్ కళ్ళకు గంతలు కట్టి ఉన్న వీడియో రాగానే జెనీవా ఒప్పందం పేరు అందరి నోటా వినిపించింది. యుద్ధ ఖైదీలను జనానికి వింతగా చూపించకూడదని మూడో ఒప్పందం 13వ అధికరణం చెబుతుందని ఎంతమందో రాశారు. సరిగ్గానే రాశారు. ఆ అధికరణం అవతలివాడికీ అంతే వర్తిస్తుంది.

నేలమీద పడినవాడు

మా గొడవ మొదలైంది గాయపడినవాడి గురించి కాబట్టి ఆ దగ్గరికి వస్తాను. 2011 సెప్టెంబర్‌లో ఆఫ్ఘనిస్తాన్‌లోని హెల్మండ్‌లో బ్రిటిష్ మెరీన్ సార్జెంట్ అలెగ్జాండర్ బ్లాక్‌మన్, తీవ్రంగా గాయపడిన తాలిబన్ యోధుణ్ణి పిస్టల్‌తో కాల్చాడు. ఒక సైనికుడి హెల్మెట్ కెమెరాలో అంతా రికార్డయింది. ఇక్కడా తొందర లేదు. పైనున్న నిఘా కెమెరాకు కనపడని చోటికి లాక్కెళ్ళాకే కాల్చారు. కాల్చిన తర్వాత, ఇది బయటికి పోకూడదు, నేనిప్పుడే జెనీవా ఒప్పందాన్ని ఉల్లంఘించాను అని తోటివాళ్ళతో అన్నాడు. చట్టం తెలియక చేసిన పని కాదన్నమాట. 2013లో హత్యానేరం రుజువైంది. దోషి అని తేల్చినవాళ్ళు సైన్యంలోనివాళ్ళే.

2017లో ఆ తీర్పు మారింది. ఆ సమయానికి అతని మానసిక స్థితి దెబ్బతిని ఉందని నిపుణులు చెప్పగా, హత్య కాస్తా తక్కువ నేరమైంది. కొద్ది వారాల్లోనే విడుదలయ్యాడు. ఈ మార్పును నేను వ్యతిరేకించను. నెలల తరబడి మారుమూల పోస్టులో, తోటివాళ్ళు చనిపోతుంటే, ముక్కలైన శరీర భాగాలు చూస్తూ గడిపిన మనిషి అతను. ఆ దళాన్ని అలా వదిలేసిన పై అధికారుల వైఫల్యాలు కోర్టు ముందుకు రాలేదని ఒక కల్నల్ తన ఉద్యోగానికే రాజీనామా ఇచ్చాడు. నేననేదీ అదే. సార్జెంట్‌కి శిక్ష తగ్గించారు, బాగుంది. తగ్గించిన ఆ భాగం ఎవరి ఖాతాలో పడాలి? ఎవరి ఖాతాలోనూ పడలేదు.

2006లో ఇరాక్‌లో ఉన్న అమెరికన్ బలగాల మానసిక ఆరోగ్యం మీద వాళ్ళ సైన్యమే ఒక సర్వే చేసింది. పౌరులను గౌరవంగా చూడాలని ఒప్పుకున్నది సైనికుల్లో 47 శాతం, మెరీన్లలో 38 శాతం. అమాయకుణ్ణి గాయపరిచినా, చంపినా తోటి సైనికుడి మీద ఫిర్యాదు చేస్తామన్నది సైనికుల్లో 55 శాతం, మెరీన్లలో 40. వీళ్ళలో చాలామందికి యుద్ధ చట్టాల క్లాసులు అయ్యాయి. అంతర్జాతీయ రెడ్ క్రాస్ కమిటీ 2004లో చేసిన అధ్యయనం కూడా ఇలాంటిదే చెప్పింది. నియమాలు తెలిసినంత మాత్రాన సైనికుడు పాటించడు. పైవాడు చెప్పాడు కాబట్టి బాధ్యత నాది కాదనుకుంటాడు. ముందు వాళ్ళే మొదలుపెట్టారు, బాధితుణ్ణి నేనే అనుకుంటాడు. క్లాసులో విన్నదానికన్నా, పక్కనున్న సార్జెంట్ నిన్న రాత్రి శవాన్ని చూసి నవ్వాడా, తల తిప్పుకున్నాడా అన్నదే ఎక్కువ పనిచేస్తుంది. అక్కడికి చట్టం పుస్తకం చేరదు, కమాండర్ చేరగలడు.

లక్ష్యాల జాబితాను కంప్యూటర్లు తయారుచేసి ఇచ్చే రోజులు వచ్చేశాయి. మనిషి పని ఇక అవుననో కాదనో చెప్పడమే. ఆ మనిషికి ఎన్ని సెకన్లు ఇవ్వాలన్నది యుద్ధం నిర్ణయించదు, ఆ వ్యవస్థను కొని, పెట్టి, రోజుకు ఇన్ని లక్ష్యాలు కావాలన్నవాళ్ళు నిర్ణయిస్తారు. రేపు విచారణ జరిగితే "ఆపరేటర్‌కి టైం లేదు" అని అందరూ సానుభూతి చూపిస్తారు. టైం లేకుండా చేసినవాళ్ళ పేర్లు ఫైల్లో ఉంటాయా?

ఎటూ తేల్చుకోలేని కేసు

ఒక కేసు దగ్గర నా అభిప్రాయం కూడా ఆగిపోతుంది. బోస్నియా యుద్ధంలో సెర్బుల సైన్యంలో ఉన్న డ్రాజెన్ ఎర్డెమోవిచ్ అనే 23 ఏళ్ళ సైనికుణ్ణి 1995 జూలై 16న స్రెబ్రెనిత్సా ప్రాంతంలో ఒక ఫారానికి తీసుకెళ్ళారు. బస్సుల్లో ముస్లిం మగవాళ్ళను తెచ్చి దించుతున్నారు. కాల్చనని అతనన్నాడు. అంత జాలి ఉంటే వెళ్ళి వాళ్ళ వరసలో నిలబడు అన్నారు. భార్య, పసిబిడ్డ ఉన్నారు. కాల్చాడు. తను చంపినవాళ్ళు 70 మంది దాకా ఉంటారని అతనే చెప్పాడు. నిజానికి తనంతట తాను నోరు విప్పకపోతే అతనెవరో ఎవరికీ తెలిసేది కాదు.

ప్రాణభయం వల్ల అమాయకులను చంపితే అది నేరం కాకుండా పోతుందా? హేగ్‌లోని అంతర్జాతీయ యుద్ధ నేరాల ట్రిబ్యునల్‌లో అయిదుగురు న్యాయమూర్తులు కూర్చున్నారు. పోదని ముగ్గురన్నారు. అతను చచ్చిపోయినా ఆ మనుషులు ఎలాగూ బతికేవాళ్ళు కాదు, తన ప్రాణం ఇమ్మని చట్టం మామూలు మనిషిని అడగలేదని వాళ్ళలో ఒకడైన ఆంటోనియో కసేసే విభేదించాడు, ఇంకొకరు కూడా ఆ ముగ్గురితో ఏకీభవించలేదు. చివరికి అయిదేళ్ళ శిక్ష పడింది. కసేసే వాదన చదివినప్పుడు అదే నిజమనిపిస్తుంది. ఆ బస్సుల్లోంచి దిగినవాళ్ళ గురించి చదివినప్పుడు ముగ్గురిదే సరి అనిపిస్తుంది. ఇప్పటికీ ఎటూ తేల్చుకోలేకపోతున్నాను.

ఆ తర్వాత జరిగింది మాత్రం మిగతా కేసుల్లో జరగలేదు. ఆ విచారణ అతని దగ్గర ఆగలేదు. అదే ఎర్డెమోవిచ్ సాక్షిగా మళ్ళీ మళ్ళీ హేగ్ వెళ్ళాడు. ఎవరు బస్సులు పంపారు, ఎవరు ఆదేశమిచ్చారు అన్నది మెట్టు మెట్టుగా పైకి వెళ్ళింది. బోస్నియా సెర్బుల సైన్యాధిపతి రాట్కో మ్లాడిచ్ విచారణలోనూ, వాళ్ళ రాజకీయ నాయకుడు రదొవాన్ కరాజిచ్ విచారణలోనూ అతను సాక్ష్యం చెప్పాడు. వాళ్ళిద్దరూ ఇప్పుడు యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్నారు.